నిశ్శబ్ద మండలం

ఊళ్ల నోరు మూయించడం నా ఉద్యోగం.
బండి నెత్తిన ఏంటెనా బిగించుకుని
కరూ మట్టిదారుల్లో తిరుగుతాను.
వెల్డింగ్ మిషను, దొంగచాటు సెల్‌ఫోను,
ముసలి ఫ్రిజ్ గొణుగుడు,
ఎవరింట్లో ఏది కూసినా పట్టుకుంటాను.
కొండ అవతల తెల్లటి పళ్లేలు
ఆకాశానికి చెవి ఒగ్గి కూర్చున్నాయి.
వాటికి మేం ఉత్త రొద.

మొన్న జూలైలో,
బకెట్లో నీళ్లు రాయిలా బిగుసుకున్న రాత్రి
నోలువాజీ ల్యాండ్‌లైన్‌కి చేసింది.
ఏదో గీత పడుతోందట.
పదకొండు నిమిషాలు ఉంటుంది, నాలుగు ఆగుతుంది,
మళ్లీ పదకొండు.
పన్నెండేళ్లుగా వింటున్న మనిషి.
గొంతులో వణుకు ఎప్పుడూ ఎరగను.
"మనలాంటివాళ్లు ఇంకెక్కడైనా" అని మొదలుపెట్టి
ఎప్పట్లాగే మింగేసింది.
"ముందు నువ్వెళ్లి చూడు.
అది మనమే అయితే చెప్పు."

బయల్దేరాను.
బానెట్ మీదుగా పాలపుంత, ఒక చివర్నుంచి ఇంకో చివరికి.
మా అమ్మమ్మ చెప్పేది:
వేటకెళ్లినవాళ్లు ఇంటిదారి తప్పిపోకుండా
ఒక పిల్ల పొయ్యిలో బూడిద తీసి పైకి విసిరిందని.
అంత ఆకాశమూ మా వాళ్ల కోసమే!
బళ్లో మాస్టారు ఒక్క వాక్యంతో తుడిచేశాడు:
మన సూర్యుడు మామూలు నక్షత్రం, రాసుకోండి.
రాసుకున్నాను.
నాకు రెండూ నచ్చాయి, ఏం చెయ్యను.

సూది కుడివైపు ఒరిగింది.
కంచె, తీగతో కట్టిన గేటు,
చివర ఓమా లీన్‌కీ ఇల్లు.
తెల్లవారుజాము మూడింటికి వంటింట్లో దీపం.

ఆపిల్ పండ్ల పెట్టెలో గొర్రెపిల్ల.
పుట్టి ఒక పూట కాలేదు, ఇంకా తడి ఆరలేదు.
తల్లిని నక్క ఎత్తుకుపోయింది.
దాని పొట్ట కింద
ఎప్పుడో పోయిన మొగుడు
నడుం నొప్పికి వాడిన కరెంటు కాపడం సంచి.
టిక్ మంది. ఆరింది.
నాలుగు నిమిషాలు లెక్కపెట్టాను.
టిక్.

"ఆపాలా?" అంది.
కాగితం మీద వేలిముద్ర వేసిన మనిషి, రూలు తెలుసు.
నేను మాట్లాడకపోతే కాఫీ పోసింది.
"ఇంతకీ పైనుంచి వాళ్లకేం కావాలి?"
మనం ఒంటరిగా ఉన్నామో లేదో తెలుసుకోవాలట.
బోసినోటితో నవ్వింది.
"నన్నడిగితే చెప్పేదాన్నిగా."

భూమిలాంటివి కోట్లు ఉండొచ్చంటారు, అన్నాను.
ఆమె పెద్దగా పట్టించుకోలేదు.
పిల్ల చెవులు ఒకటొకటే అరచేతిలో రుద్దుతోంది.
"దీన్ని ఎలాగూ క్రిస్మస్‌కి ముందు అమ్మేస్తాను,
కోతకే" అంది.
"ఈ రాత్రి చలికి మాత్రం చావనివ్వను."

ఆ మాట దగ్గర కూలబడ్డాను.
కాఫీ చల్లారింది.
ఆకాశంలో మనకి కుర్చీ ఉందా లేదా అని
నేనూ కొన్ని రాత్రులు బండి ఆపి అడిగినవాణ్ణే.
ఆ ప్రశ్నకిది జవాబు కాదు, తెలుసు.
కానీ సంచి తీగ ప్లగ్గులోంచి లాగడానికి
చెయ్యి రాలేదు.

హాల్లో ఫోనుంది. తిప్పాను.
"మనమేనా?"
మనమే.
లైన్లో చాలాసేపు గాలి చప్పుడు.
ఊరటో దిగులో పోల్చుకోలేకపోయాను.
"ఏమిటది?"
గొర్రెపిల్ల.
మళ్లీ గాలి.
"బతికుందా?"

తెల్లారేదాకా టైమిచ్చింది.
ఆ రాత్రి విన్నదంతా పనికిరాదని కొట్టేశారు.
రిజిస్టర్లో కారణం నేనే రాశాను, ఒక్క ముక్క:
కాపడం.

పిల్ల ఇప్పుడు కంచె దూకుతోంది, దొంగముండ.
ఆ టిక్కు మాత్రం ఆగలేదు,
ఎప్పుడో సూర్యుడి దూరం దాటేసింది.
ఇంకా పోతూనే ఉంది, పలచబడుతూ.
ఎక్కడో ఎవరికైనా ఒక గీతలా తగిలితే
వాళ్లూ నమ్మరు ముందు.
నాలాంటి వాణ్ణొకణ్ణి లేపి,
వాళ్ల మట్టిదారుల మీదికి తోలతారు:
వెళ్లు, ఎవరింట్లో దీపం ఉందో చూసిరా,
అది మనమేనేమో.